మార్జిన్ వదిలిన సుత్తి

కొత్త నీళ్ళ ట్యాంకు బిగించడానికి వచ్చిన ప్లంబరు, పాతదాన్ని పక్కకు దొర్లించి, దాని కింద నుంచి ఒక సుత్తి తీసి కాజాలమ్మకు చూపించాడు.

"ఇది మీదేనామ్మా?"

"కాదు" అంది కాజాలమ్మ. అబద్ధమేమీ కాదు. ఆ సుత్తి ఆమె తమ్ముడిది.

అయితే పారేద్దామని ప్లంబరు డాబా అంచుకు నడిచాడు. కాజాలమ్మ అడ్డం వెళ్ళి చెయ్యి చాచింది. తుప్పు అంటుకుంటుందమ్మా అని అతను అంటూనే ఉన్నాడు, ఆమె లాక్కుని, వీపు వెనక పెట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ కిందికి దిగింది.

ఆమె భర్త టైలరు. ఇంటి ముందు గదే షాపు. చొక్కాలకు కాజాలు తీసేది, గుండీలు కుట్టేది, అంచులు మడిచేది ఆమె. అందుకని వీధి వీధంతా ఆమెను కాజాలమ్మ అంటారు. తమ్ముడు వడ్రంగి. పక్క వీధిలోనే అతని షెడ్డు. గట్టిగా పిలిస్తే వినబడేంత దూరం. అయినా ఏళ్ళ తరబడి అతను ఈ ఇంటి గడప తొక్కలేదు.

కారణం ఈ సుత్తే.

అప్పుడెప్పుడో గాలివానకు డాబా మీది రేకు లేచిపోతే, మేకులు కొట్టుకోవడానికి టైలరు బావమరిది దగ్గర సుత్తి అడిగి తెచ్చుకున్నాడు. కొన్నాళ్ళకు వడ్రంగి వచ్చి సుత్తేదీ బావా అన్నాడు. ఇచ్చేశానుగా అన్నాడు టైలరు. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆయన ఏ మాట చెప్పినా దానికి లోపల లైనింగ్ వేస్తే గాని తృప్తి ఉండదు. "నీ చేతికే ఇచ్చాను. నువ్వప్పుడు టీ తాగుతున్నావు. గ్లాసు ఎడమచేతిలో ఉంది" అన్నాడు. అది కూడా చాలక కత్తెర మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాడు.

వడ్రంగి ఆ కత్తెర వంక చూసి, బావ వంక చూసి, "నా సుత్తి వచ్చేదాకా నీ ఇంట్లో అడుగు పెట్టను" అని వెళ్ళిపోయాడు. ఆ మాట మీదే నిలబడ్డాడు. అక్క షెడ్డుకు వెళితే పీట వేసి కూర్చోబెడతాడు, మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడుగుతాడు. ఇంటికి రారా అంటే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు.

పైగా ఆ కథను అతను ఊరికే ఉంచలేదు. కుర్చీకాలు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ వినిపించాడు. వినిపించేకొద్దీ కథ ఒళ్ళు చేసింది. మొదట్లో బావ సుత్తి పారేశాడు. తర్వాత బావ సుత్తి అమ్ముకున్నాడు. ఈ మధ్య అయితే బావ సుత్తి మింగి, పైన టీ తాగాడు. కొత్తగా వచ్చిన గిరాకీలు టైలరు షాపులో కొలతలిస్తూ ఆయన పొట్ట వంక అదోలా చూసేవారు.

ఇదంతా ఒక ఎత్తు, పెరటి తలుపు ఒక ఎత్తు. వంటింట్లోంచి పెరట్లోకి వెళ్ళే తలుపు ఒకవైపు దిగిపోయి, తీసినప్పుడల్లా నేలను గీరుతూ కీచుమంటుంది. గట్టిగా ఎత్తి, నడుముతో ఒక్క తోపు తోస్తే గాని రాదు. తమ్ముడు వచ్చి బాగుచేయడు. ఇంకో వడ్రంగిని పిలిస్తే ఆ సంగతి సాయంత్రానికల్లా తమ్ముడి చెవిన పడుతుంది, అప్పుడిక షెడ్డులో పీట కూడా ఉండదు. అందుకని కాజాలమ్మ ఆ తలుపును ఇన్నేళ్ళుగా నడుముతోనే తోస్తోంది. తలుపు కీచుమన్నప్పుడల్లా తమ్ముడు గుర్తొస్తాడు. రోజుకు ఎన్నిసార్లు పెరట్లోకి వెళితే అన్నిసార్లు.

టైలరు మిషను మీద ఒక ప్యాంటుకు జిప్పు వేస్తున్నాడు. కాజాలమ్మ సుత్తిని తెచ్చి ఆ ప్యాంటు పక్కన పెట్టింది. మిషను ఆగింది.

"ఏంటది?"

"మీరు మా తమ్ముడి చేతికిచ్చిన సుత్తి."

టైలరు కళ్ళజోడు పైనుంచి చూశాడు. కళ్ళజోడు లోంచి చూశాడు. "వాడిదేనని గ్యారంటీ ఏంటి?"

"ఒక కొమ్ము కొస విరిగి పొట్టిగా ఉంది. వాడి సుత్తి అలాగే ఉండేది."

"మేకులు పీకే కొమ్ములన్నాక విరుగుతాయి. చాలా సుత్తులకి విరుగుతాయి."

"మన డాబా మీద చాలా సుత్తులున్నాయా?"

ఆయన వీధి గుమ్మం వైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "పోనీ మళ్ళీ అక్కడే పెట్టేద్దామా? కొత్త ట్యాంకు కింద?" అన్నాడు.

కాజాలమ్మ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే అది వద్దన్నట్టని ఆయనకు పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది.

"సరే, ఇచ్చేద్దాం. కానీ ఇలాగా? దీని అవతారం చూడు." సుత్తి తల తుప్పుతో పొరలు పొరలుగా లేచి ఉంది. మేకును కొట్టే ముఖం అంచులు దెబ్బలు తిని తిని బయటికి విచ్చుకున్నాయి. పిడి సగం చివికిపోయి, పట్టుకుంటే పొడి రాలుతోంది. "ఇది తీసుకెళ్ళి ఇస్తే వాడు నేను చచ్చేదాకా నవ్వుతాడు."

"ఇవ్వకపోతే నవ్వట్లేదా ఏంటి?"

"నా షాపుకొచ్చిన బట్ట ఏదీ వచ్చినట్టు వెనక్కి పోలేదే. దీన్ని కొత్తదాన్లా చేసి ఇస్తాను. వాడే గుర్తుపట్టలేడు."

ఆ చివరి మాట ఆయన గొప్పకు అన్నాడు.

ఇనుప సామాన్ల కొట్టాయన విషయమంతా విని, "కొత్తది కొని ఇచ్చేయొచ్చుగా టైలరుగారూ, ఎందుకొచ్చిన తంటా?" అన్నాడు.

"మొన్న మీరు మీ అబ్బాయి ప్యాంటు మీకు సరిపోయేలా చెయ్యమని తెచ్చారు. అప్పుడు నేనలా అన్నానా?"

కొట్టాయన ఇనుప బ్రష్షూ, ఆకురాయీ, గరుకు కాగితాలూ తీసి బల్ల మీద పెట్టాడు. తుప్పు వదలాలంటే వెనిగర్లో నానబెట్టమని కూడా చెప్పాడు.

చివికిన పిడిని ఊడబెరికి, తలను ఒక ప్లాస్టిక్ డబ్బాలో వెనిగర్ పోసి ముంచాడు టైలరు. డబ్బాను తీసుకెళ్ళి ఇస్త్రీ బల్ల కింద పెట్టాడు. మర్నాటికి దాని పైన నల్లటి నురగ కట్టింది. అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలు తీసుకెళ్ళడానికి వచ్చిన బ్యాంకు ఉద్యోగి ముక్కు ఎగబీల్చి, "ఏంటండీ, చొక్కాలు ఊరగాయ పెడుతున్నారా?" అన్నాడు.

"ఇది కొత్త రకం ఫినిషింగు" అన్నాడు టైలరు.

తర్వాత ఆయన దాన్ని కడిగి, బ్రష్షుతో తోమి, బ్రష్షు దూరని చోట కాజాలమ్మ పాత టూత్ బ్రష్షుతో తోమాడు. విచ్చుకున్న అంచులను ఆకురాయితో అరగదీశాడు. గరుకు కాగితం, దానికంటే సన్నది, దానికంటే సన్నది. ప్యాంట్లు అలాగే పడి ఉన్నాయి. ఎవరైనా వచ్చి అడిగితే, "అర్జంటు పని ఒకటి వచ్చింది" అనేవాడు. చివరికి కుట్టు మిషను నూనె రాసి, మిగిలిన ఫ్లానెల్ ముక్కతో తుడిచి వెలుతురుకు పెట్టి చూస్తే, అందులో ఆయన మీసం కనబడింది. ఆయన దాన్ని ఒకసారి సవరించుకున్నాడు.

ఒకరోజు కాజాలమ్మ బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి టైలరు ముఖం వెలిగిపోతోంది. బల్ల మీద ఇనుప రజను కుప్పగా ఉంది.

"ఇటు చూడు. ఏమైనా తేడా కనిపిస్తోందా?"

ఆమె సుత్తిని తిప్పి చూసింది. రెండు కొమ్ములూ సమానంగా ఉన్నాయి. పొడుగ్గా ఉన్నదాన్ని విరిగినదాని కొలతకు అరగదీసి, రెండింటికీ ఒకేలా కొస దిద్దాడు.

"ఇదెందుకు చేశారు?"

"కాలరు కొస ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ ఉంటే ఎవడైనా తొడుక్కుంటాడా?"

కాజాలమ్మ పొట్టి కొమ్ము ఉండే చోట వేలు పెట్టి తడిమింది. పని బాగానే ఉందిగా అని సరిపెట్టుకుంది.

ఇక పిడి. కొట్టాయన చూపించిన పిడులేవీ టైలరుకు నచ్చలేదు. అన్నీ రెడీమేడ్ అట. ఆ మాట ఆయన నోట వస్తే దానికంటే పెద్ద తిట్టు లేదు. చారలు నిటారుగా ఉన్న గట్టి కర్ర ముక్క ఒకటి ఏరి తెచ్చుకుని చెక్కడం మొదలుపెట్టాడు. కొలతకు మనిషి కావాలి. మనిషి రాడు. కొక్కేల వరుసలో చివరి కొక్కేనికి, గొడవకు ముందు బావమరిది కోసం కుట్టి, అతను తీసుకెళ్ళని చొక్కా ఇంకా వేలాడుతోంది. దాన్ని దింపి, దుమ్ము దులిపి, చేతి పొడవూ మణికట్టూ టేపు పెట్టి కొలిచి, సుద్దతో కర్ర మీద గీశాడు. చెక్కి, నునుపు చేసి, నూనె పట్టించి, పైకొసను సుత్తి తల కన్నంలో దూర్చి, వదులు కాకుండా పైనుంచి చెక్క చీల ఒకటి దిగ్గొట్టాడు. గుండీ కుట్టినంత బిగువుగా ఉంది.

కాజాలమ్మ దాన్ని పట్టుకుని చూసింది. పిడి ఆమె చేతికింద చాలా దూరం పోయింది.

"ఇది పొడుగు కాలేదూ?"

"అయింది. రెండంగుళాలు. మార్జిన్."

"సుత్తికా?"

"నా చేతిలోంచి మార్జిన్ లేకుండా ఏదైనా బయటికెళ్ళిందా?" అన్నాడు టైలరు. నిజమే, వెళ్ళలేదు. ఆయన కుట్టిన ప్రతి చొక్కాకూ కుట్టు లోపల రెండంగుళాల గుడ్డ మడిచి ఉంటుంది. మనిషన్నాక ఒళ్ళొస్తుంది, అప్పుడు విప్పుకోవాలంటే లోపల ఉండాలిగా అంటాడు. "పొడుగైతే కోసుకోవచ్చు. పొట్టిదైతే ఎక్కడినుంచి తెస్తాడు?"

సుత్తిని పాత పేపర్లో చుట్టి, చొక్కాలకు కట్టినట్టే దారం కట్టి, ఇద్దరూ కలిసి షెడ్డుకు బయల్దేరారు. దారిలో కాజాలమ్మ చెప్పింది, "డాబా మీద దొరికిందని చెప్పండి. అంతే. లైనింగ్ వెయ్యొద్దు."

షెడ్డులో వడ్రంగి ఒక అలమర తలుపుకు చిత్రిక పడుతున్నాడు. విరిగిన స్టూలు పట్టుకుని ఎవరో గిరాకీ నిలబడి ఉన్నాడు. బావ గుమ్మంలో కనబడేసరికి వడ్రంగి చిత్రిక ఆపలేదు గానీ, ఒకేచోట పడుతూ ఉండిపోయాడు.

"ఏరా, బాగున్నావా?" అన్నాడు టైలరు. "నీ సుత్తి. డాబా మీద ట్యాంకు కింద దొరికింది." ఇంకేదో చెప్పబోయి భార్య వంక చూసి నోరు మూసుకున్నాడు.

వడ్రంగి దారం విప్పాడు. పేపరు విప్పాడు. సుత్తిని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇది నాది కాదు."

"నీదే."

"నాది పాతది బావా. ఇది కొత్తది. కొనుక్కొచ్చి నా నెత్తిన రుద్దుతున్నావు."

టైలరుకు తల తీసేసినట్టూ అయింది, పొగిడినట్టూ అయింది. ఏ ముఖం పెట్టాలో తెలియలేదు. "కొత్తదాన్లా ఉందా? నిజంగా?"

"కొత్తదే అయితే కొత్తదాన్లా ఉండక ఎలా ఉంటుంది? నా సుత్తికి ఒక కొమ్ము పొట్టి. ఇది చూడు, రెండూ సమానం."

"అది నేనే అరగదీశాను."

"మంచి కొమ్ముని అరగదీశావా?"

"సమానంగా ఉండాలిగా."

వడ్రంగి స్టూలు పట్టుకున్నాయన వైపు తిరిగాడు. "విన్నారా? మీకు చెప్పానే, మా బావ, ఈయనే. నా చేతికే ఇచ్చానని ఒట్టు పెట్టుకున్నాడు. టీ తాగుతున్నానట!"

"ఇచ్చాననే అనుకున్నాన్రా. నువ్వు టీ తాగుతూనే ఉంటావుగా ఎప్పుడూ."

కాజాలమ్మ ఈ మాటలేవీ వినడం లేదు. తమ్ముడి చేతినే చూస్తోంది. మాట్లాడుతూ మాట్లాడుతూ అతను సుత్తిని అరచేతిలో ఒకసారి ఎగరేసి పట్టుకున్నాడు. బొటనవేలు వెళ్ళి తల పక్కనున్న చిన్న గుంట మీద ఆగింది. టైలరు ఎన్ని కాగితాలు పెట్టి రుద్దినా పోని గుంట అది. బొటనవేలు అక్కడే ఉండిపోయింది. ఆ చెయ్యి ఎప్పుడో గుర్తుపట్టేసింది. ఒప్పుకోనిది నోరు.

ఎందుకు ఒప్పుకోదో షెడ్డు వెనక ఇంట్లోంచి వచ్చిన తమ్ముడి భార్య చెప్పింది. వదినను పక్కకు లాగి, మొగుడికి వినబడేలా గుసగుసలాడింది. "అదేలే వదినా. నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. కానీ సుత్తి దొరికిపోతే ఈయనకి మనుషులతో మాట్లాడ్డానికి ఏముంది చెప్పు? ఇన్నాళ్ళూ ఆ సుత్తి కథ మీదే బతికారు. పెళ్ళిచూపుల్లో కూడా నాతో ఇన్ని మాటలు మాట్లాడలేదు."

కాజాలమ్మకు విషయం అద్దంలా కనబడింది. తమ్ముడి దగ్గర్నుంచి ఒక కథ లాక్కుని, చేతిలో ఉత్త సుత్తి పెడితే అతనెందుకు తీసుకుంటాడు? అదే నష్టం తనకు జరిగితే తనూ ఒప్పుకోదు.

ఆమె ముందుకు వచ్చి మెల్లగా అంది, "పోనీలేరా, నీది కాదంటున్నావుగా, కాదులే. కానీ ఆ పిడి చూడు. పొడుగుందా?"

వడ్రంగి చూశాడు. పట్టుకుని గాల్లో ఒక దెబ్బ కొట్టాడు. పిడి కొస మోచేతికి తగిలింది. "ఉంది. ఎందుకింత పొడుగు?"

"ఏమో. మీ బావని అడుగు."

"ఎందుకు బావా?"

టైలరు ఏమాత్రం తడుముకోకుండా చెప్పాడు. "మార్జిన్ వదిలాను."

స్టూలాయన స్టూలు కింద పెట్టాడు.

"సుత్తికి?" అన్నాడు వడ్రంగి.

"నీ పాత చొక్కా కొలత పెట్టాను. ఇప్పుడు నువ్వెంత ఉన్నావో నాకేం తెలుసు? ఇంటికి రావాయె. రేపు పెరిగితే?"

"నేను పెరిగితే సుత్తి పెరగాలా?"

"అక్కర్లేకపోతే కోసుకో. తక్కువైతే మళ్ళీ నా మీదే పడతావు."

వడ్రంగి మొహంలో ఏదో మెల్లగా విచ్చుకోసాగింది. చెవి మీది పెన్సిలు తీశాడు, మళ్ళీ పెట్టాడు. స్టూలాయన వంక చూశాడు. ఆయన నోరు తెరిచి వింటున్నాడు. మింగిన సుత్తి కథ చెప్పినప్పుడు ఏ గిరాకీ ఇంతలా నోరు తెరవలేదు. మంచి కొమ్మును అరగదీశాడు, సుత్తికి మార్జిన్ వదిలాడు, దానికి చొక్కా కొలత పెట్టాడు. ఇందులో కల్పించి చెప్పాల్సింది కూడా ఏమీ లేదు.

"సరే" అన్నాడు వడ్రంగి రంపం అందుకుంటూ. "ఇప్పుడే కోసేస్తాను."

"ఆగు!" టైలరు ఒంటికాలి మీద లేచాడు. "నా చేతి పని మీద బయట రంపం పెడితే నా బాధ్యత లేదు. ఆల్టరేషన్ నా షాపులోనే. మనిషికి కొలత చూసి, ట్రయల్ వేసి, అప్పుడు కొయ్యాలి. ఎవరికైనా అంతే."

ఇది ఆయన ఎత్తు వేసి అన్నది కాదు. నిజంగానే ఆయన షాపు నియమం. గవర్నరొచ్చినా అదే చెబుతాడు. కాజాలమ్మ మాత్రం తమ్ముడి చేతిలోని రంపం వంకే చూస్తోంది.

వడ్రంగి రంపాన్ని చూసుకున్నాడు. అక్కను చూశాడు. ఇంట్లో అడుగు పెట్టనన్న మాట గుర్తొచ్చినట్టుంది. చాలాసేపు ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు.

"సుత్తి నాది కాదు. అది వేరే సంగతి. రేపు ఆల్టరేషన్‌కి మాత్రం వస్తాను."

"ట్రయల్‌కి పొద్దున్నే రా" అన్నాడు టైలరు. "తర్వాత రష్షు."

మర్నాడు పొద్దున వడ్రంగి రంపం చంకన పెట్టుకుని వచ్చాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, ఎప్పుడూ వచ్చేవాడిలాగే చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. కాజాలమ్మ టీ పెట్టడానికి వెళ్ళింది. కళ్ళు తుడుచుకోవడానికి వెళ్ళిందని మీరనుకుంటే అనుకోండి, వంటింట్లో పొగ కూడా ఉంది.

ముందు గదిలో టైలరు టేపు తీసి బావమరిది భుజం నుంచి మణికట్టు దాకా కొలిచాడు. చెయ్యి ముడవమన్నాడు, చాచమన్నాడు. సుత్తి ఇచ్చి కొట్టినట్టు చెయ్యమన్నాడు. "బిగువుందా? చంక దగ్గర పట్టేస్తోందా?"

"సుత్తికి చంకెక్కడుంది బావా?"

"అలవాటు." సుద్దతో గీత గీశాడు. వడ్రంగి గీత మీద రంపం పెట్టి కోశాడు. రెండంగుళాల ముక్క నేల మీద పడింది. టైలరు దాన్ని వంగి తీసి, పేపర్లో చుట్టి అతని జేబులో పెట్టాడు. "మిగిలిన గుడ్డ కస్టమరుదే. నేను ఒక్క ముక్క ఉంచుకోను."

వడ్రంగి ఇదంతా కళ్ళప్పగించి చూస్తున్నాడు. ఒక్క వివరం కూడా పోకుండా దాచుకుంటున్నాడని కాజాలమ్మకు అర్థమైంది. దాచుకోనీ.

పాల గిన్నె కడగడానికి ఆమె పెరటి తలుపు ఎత్తి, నడుముతో తోసింది. తలుపు నేల పొడుగునా గీరుతూ కీచుమంది.

"అదేంటక్కా ఆ చప్పుడు?"

"ఏం లేదురా. తలుపు."

వడ్రంగి లేచి వంటింట్లోకి వచ్చాడు. తలుపు తీశాడు, వేశాడు. నేల మీద విల్లులా పడిన గీతను చూశాడు. ఆ గీత ఒక్కరోజులో పడేది కాదు. కాలితో దాన్ని ఒకసారి రాసి చూశాడు. తర్వాత వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచాడు.

"బావా, నా సుత్తి ఇలా అందుకో."

టైలరు సుత్తి ఇస్తూ, "ఇప్పుడేమన్నా..." అని నోరు తెరవబోయాడు. కాజాలమ్మ ఆయన కాలు తొక్కింది. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి అంత గట్టిగా తొక్కగలదని ఆయన అనుకోలేదు.

వడ్రంగి కీళ్ళ చీలలు సుత్తితో తట్టి ఊడదీసి, తలుపు దింపి, కింది అంచును చిత్రికతో నున్నగా చేసి మళ్ళీ ఎక్కించాడు. వేలితో తోస్తే తలుపు కిమ్మనకుండా తెరుచుకుంది. టీ తాగి, గ్లాసు ఎడమచేత్తో అక్కకిచ్చి, కుడిచేతిలో సుత్తితో వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు పాత చొక్కా తొడిగి చూస్తే అతనికి పొట్ట దగ్గర పట్టలేదు. దాన్ని కొక్కేనికి తగిలిస్తూ, లోపల గుడ్డ ఉందిలే అన్నాడు టైలరు. విప్పి కుట్టేలోపు ఇంకోసారి ట్రయల్‌కి రావాలని కూడా చెప్పి పంపాడు.

సాయంత్రానికల్లా సుత్తికి మార్జిన్ సంగతి వీధులన్నీ తిరిగొచ్చింది. కొలతలిచ్చే గిరాకీలు ఇప్పుడు టైలరు పొట్ట వంక చూడటం మానేసి, టేపు వంక అదోలా చూస్తున్నారు.

కాజాలమ్మ మాత్రం ఇప్పటికీ పెరట్లోకి వెళ్ళేటప్పుడు అలవాటు కొద్దీ తలుపును నడుముతో తోస్తుంది. తలుపు గభాలున తెరుచుకుని, ఆవిడ గిన్నెతో సహా పెరట్లోకి పడబోతుంది. ఆ కథ కూడా వడ్రంగి చెబుతున్నాడట. ఆవిడ తనకు తెలియనట్టే ఉంటుంది.